గాలిమోటరు పంతులు

మాది నల్లగొండ జిల్లా కేతేపల్లి. హైదరాబాదు నుంచి విజయవాడ పోయే పెద్ద రోడ్డు మీద, నకిరేకల్ దాటినంక, సూర్యాపేట రాకముందు వస్తది. 1963లో పూర్తయిన మూసీ ప్రాజెక్టు మాకు దగ్గరే. కాల్వ నీళ్లు పారిన భూములు ఎవరివో, ఆ భూముల్ల నాట్లేసిన చేతులు ఎవరివో మీకు చెప్పనక్కర లేదు. ఆ ఊరి మాదిగవాడలో 1962లో పుట్టిన. ఇరవై ఏండ్లు వాయుసేనలో ఇంజిన్ ఫిట్టర్‌గ చేసిన. తర్వాత హైదరాబాదులో విమానాల మరమ్మతు నేర్పే బడిలో పదిహేనేండ్లు పాఠం చెప్పిన. మా అమ్మ విమానాన్ని గాలిమోటరు అనేది. అందుకే వాడోళ్లు నాకు గాలిమోటరు పంతులు అని పేరు పెట్టిన్రు.

మావోళ్లల్ల డాక్టర్లయిన వాళ్లు, లెక్చరర్లయిన వాళ్లు, ఆఫీసర్లయిన వాళ్లు తమ కథలు రాసుకున్నరు. రాయాలె. కాని రెంచీ పట్టుకున్న చేతులు రాసినవి తక్కువ. విమానం బాగు చేసుడు నేర్పాలంటే ఏ అర్హత ఉండాలె, దాన్ని ఎవరు రాస్తరు, రాసిందానికి తోడు రాయకుండ ఇంకేం అడుగుతరు అనేది నా అనుభవంతోటి చెప్తున్న. ఇది ఒక్క విమానాల ముచ్చటే కాదని చదివితే మీకే తెలుస్తది.

మా నాయిన తోలు పని చేసేటోడు. చచ్చిన గొడ్డును మోసుకొచ్చుడు, తోలు ఒలుచుడు, సున్నంల నానేసి బూరు తీసుడు, లందల తంగేడు చెక్కతోటి ఊనుడు. ఆ వాసన మా ఇంటికీ ఒంటికీ పట్టి ఉండేది. ఆరె, రంపె ఆయన ఆస్తి. ఊరి బాయిలకు మోట బొక్కెనలు, తొండాలు కుట్టేటోడు. బొక్కెన కుట్టు ఒక్కకాడ జారినా పైకొచ్చేసరికి సగం నీళ్లు మళ్ల బాయిలనే పడ్తయి. అప్పుడు పటేలు నోటికొచ్చినట్టు తిట్టేటోడు. కుట్టు నిలిచిన రోజు మాత్రం ఎవరూ ఏమీ అనలే.

వెన్ను మీది తోలు గట్టిగుంటది, కడుపు తోలు సాగుతది. బరువు పడేకాడ ఏది పెట్టాలె, వంగేకాడ ఏది పెట్టాలె అనేది ఆయన చేతికి తెలుసు. ఎంత నూనె పట్టిస్తే తోలు మెత్తబడ్తది, ఎంత దాటితే కుళ్లుతది అనేది తెలుసు. ఇదంతా పదార్థాల శాస్త్రమని నాకు తర్వాత చదువుకున్నంక తెలిసింది. ఊర్లో మాత్రం దాన్ని విద్య అని ఎవరూ అనలే, ‘మాదిగ పని’ అన్నరు. పంట కాలంల కల్లంకాడ ఇన్ని గింజలు పెట్టేటోళ్లు. హోటల్ల చాయ తాగాలంటే మాకు వేరే గిలాసలుండె.

డెబ్బయ్యో దశకంల బాయిలకు కరెంటు మోటర్లొచ్చినయి. మోట ఆగింది. కంపెనీ చెప్పులొచ్చినంక కిర్రు చెప్పులు అడిగెటోళ్లు లేకుండ పోయిన్రు. నాయిన పని పోయింది గాని పనికున్న మైల మాత్రం పోలే. ఒకనాడు ఆరె సాన పెట్టుకుంటూ అన్నడు: “బిడ్డా, ఈ పని నాతోనే ఆగిపోవాలె. నువ్వు కాగితం పని నేర్సుకో. కాగితం మీద పేరున్నోన్ని ఎల్లగొట్టాలంటే ఎవనికైనా ఒక్క పారి ఎనక ముందాడాల్సొస్తది.”

సాంఘిక సంక్షేమ హాస్టల్ల ఉండి పదో తరగతి, ఇంటర్ ఎంపీసీ గట్టెక్కిన. 1981లో వాయుసేన ఎయిర్‌మెన్ కొలువుకు ఎంపికయిన. ఇక్కడొక మాట చెప్పాలె. సైన్యంల, వాయుసేనల జవాన్ల ఎంపికకు షెడ్యూల్డు కులాల రిజర్వేషన్ లేదు. నేను అందరితోటి రాసిన, అందరితోటి పరుగెత్తిన. తర్వాతి జీవితంల ‘కోటాల వచ్చినోడు’ అన్నోళ్లందరికీ ఈ సంగతి ముందు చెప్పేటోణ్ణి. ఆ వెంటనే, కోటాల వచ్చినోళ్లు గూడ ఎవని దయతోటో రాలేదు, రాజ్యాంగం ఇచ్చిన హక్కుతోటి వచ్చిన్రు అని కలిపి చెప్పేటోణ్ణి. మొదటి మాట చెప్పి రెండోది విడిచిపెడితే మనోళ్లనే మనం తక్కువ చేసినట్టయితది.

బెల్గాం దగ్గరి సాంబ్రాల మొదటి శిక్షణ, మద్రాసు దగ్గరి తాంబరంల ట్రేడు శిక్షణ. మొదటి వారాలల్ల విమానాన్ని ముట్టనియ్యరు. ఒక ఇనుప ముక్క ఇచ్చి నాలుగు పక్కల సమంగ ఆకురాయి పట్టమంటరు. మట్టంతోటి కొలిస్తే వెలుతురు దూరరాదు. నాకు ఆకురాయి పట్టుడు నేర్పిన సార్జంటుకు డిగ్రీ లేదు. హ్యాంగర్లల్ల ఏండ్లకేండ్లు చేసిన పని ఆయన చదువు. అల్యూమినియం రేకును ఎట్ల వంచాలెనో చెప్తూ ఆయన అన్నడు: “రేకుకు గూడ నార ఉంటది. నార పొడుగున వంచితే పగులుతది, అడ్డంగ వంచితే నిలుస్తది.” నా పక్కనోళ్లు అది నోట్సుల రాసుకున్నరు. నాకు రాసుకునే పని పడలే. తోలుకైనా రేకుకైనా సాగే దిక్కు ఒకటి, నిలిచే దిక్కు ఒకటి ఉంటదని మా ఇంట్లనే చూసిన.

హకీంపేటల కిరణ్ ట్రైనర్ల మీద, తర్వాత వేరే కాడ మిగ్-21ల మీద పని చేసిన. అక్కడ ఎఫ్-700 అని ఒక పుస్తకం ఉంటది. విమానం మీద ఎవరు ఏ పని చేసిన్రో వాళ్లే అందుల సంతకం పెట్టాలె. చేసినోడు ఒకడు, సంతకం ఇంకొకడిది అంటే కుదరదు. ఆ సంతకాలన్నీ చూసుకొని పైలట్ తన సంతకం పెట్టి విమానం ఎక్కుతడు. కేతేపల్లిల మా నాయిన వేలిముద్ర అప్పు కాగితం మీద తప్ప ఎక్కడా చెల్లలే. ఆయన కొడుకు సంతకాన్ని నమ్మి పైలట్ గాలిలకు లేస్తున్నడు. నా బతుకుల నేను నేర్చుకున్న పెద్ద నీతి ఇదే: పని చేసినోడే సంతకం పెట్టాలె. మన దేశంల కులం నడిచేది దీనికి ఉల్టా. చెమట ఒకడిది, పేరు ఇంకొకడిది.

2001లో పదవీ విరమణ అయింది. ఇరవై ఏండ్ల పని చేతుల ఉంది గాని పౌర విమానాల లోకంల అది సగం లెక్కనే. 1937 నాటి విమాన నిబంధనల్ల 61వ నిబంధన కింద ఇంజినీరు లైసెన్సు ఉంటేనే విమానాన్ని ఎగరడానికి విడుదల చేసే సంతకం పెట్టొచ్చు. సైనిక విమానాల అనుభవాన్ని లెక్కల పట్టుకున్నా, పౌర విమానాల మీద అదనంగ పని చేసి చూపాలె. ఈ షరతును నేను తప్పు పట్టను. మిగ్ వేరు, ప్రయాణికుల విమానం వేరు. దాని కాగితాలు వేరు, చట్టం వేరు. బేగంపేటల చిన్న విమానాలు బాగు చేసే ఒక హ్యాంగర్ల తక్కువ జీతానికి చేరి, రాత్రుల్ల చదివి ఒక్కొక్క పరీక్ష రాసుకుంటూ పోయిన. 2006లో లైసెన్సు చేతికొచ్చింది. అప్పటికి నాకు నలభై నాలుగేండ్లు.

అర్హతల సంగతి కొంచెం ఓపికతోటి వినాలె. మనోళ్లు ఎక్కువగ మోసపోయేది ఇక్కడనే.

విమానాల మరమ్మతు నేర్పే బడికి పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ, అనుమతి ఉండాలె. అది విమాన నిబంధనల్ల 133బి కింద వస్తది. 2010 తర్వాతి ఏండ్లల్ల యూరప్ పద్ధతిని పోలిన సీఏఆర్-66, సీఏఆర్-147 అనే నియమాలు వచ్చినయి. మొదటిది లైసెన్సుకు, రెండోది బడికి. 1934 నాటి విమాన చట్టం పోయి 2025 జనవరి 1 నుంచి భారతీయ వాయుయాన్ అధినియమ్ అమలయినా, బడుల అనుమతి డీజీసీఏ చేతులనే ఉంది.

ఈ నియమాలు బడి మీద గట్టి షరతులే పెడ్తయి. పెద్ద జెట్ విమానాల పనికి సంబంధించిన బీ1.1 కోర్సు 2400 గంటలకు తక్కువ ఉండరాదు. థియరీ అందుల సగం నుంచి 60 శాతం దాకా, మిగిలిందంతా చేతి పని. థియరీ క్లాసుల 28 మందికి మించరాదు. ప్రాక్టికల్స్‌ల ఒక్క సారుకు 15 మందికి మించరాదు. నేర్పేటోళ్లు రెండేండ్లకొకసారి కొత్త విషయాలు మళ్ల నేర్చుకోవాలె. అందుల కొత్త టెక్నాలజీ, చేతి నైపుణ్యం, మనుషులు పొరపాట్లు ఎందుకు చేస్తరనే విషయం, పాఠం చెప్పే పద్ధతులు అన్నీ ఉంటయి.

మరి నేర్పేటోని అర్హత ఏంది? ఈ డిగ్రీ, ఇన్నేండ్లు అని అందరికీ కలిపి ఒక్క గీత గీసి పెట్టలే. థియరీ చెప్పే సారుకు, పరీక్ష పెట్టే ఎగ్జామినర్‌కు, ప్రాక్టికల్ చూసే అసెసర్‌కు ఏ అనుభవం, ఏ అర్హత ఉండాలెనో డీజీసీఏ ఒప్పుకున్న ప్రమాణం ప్రకారం ఖాయం చెయ్యాలె. అది బడి తయారు చేసే ఎక్స్‌పొజిషన్ అనే పుస్తకంల రాసి ఉండాలె. నేర్పేటోళ్ల పేర్ల పట్టిక గూడ ఆ పుస్తకంలనే ఉండాలె. ఈ మాట గుర్తు పెట్టుకోండ్రి, చివరికి మళ్ల అవసరం పడ్తది.

బయటి దేశాలు ఏం చేస్తున్నయో చూద్దాం. అమెరికాల విమాన మెకానిక్ బడుల నియమాల ప్రకారం నేర్పేటోనికి ముందు మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలె. లెక్కలు, భౌతికశాస్త్రం, డ్రాయింగు లాంటివి చెప్పడానికి ఆ సర్టిఫికెట్ లేని నిపుణులను పెట్టుకోవచ్చు. 2022లో ఆ నియమాలను మొత్తం తిరగరాసినప్పుడు గూడ ఈ వరుస మారలే. ఆ సర్టిఫికెట్‌కు కాలేజీ డిగ్రీ అడగరు. ఇంజిన్, ఎయిర్‌ఫ్రేమ్ రెండింటికీ కలిపి ముప్పై నెలల పని అనుభవం చూపినా పరీక్షకు కూచోవచ్చు. 1903లో రైట్ సోదరుల విమానానికి ఇంజిన్ చేసిన చార్లెస్ టేలర్‌కు ఏ ఇంజినీరింగు డిగ్రీ ఉండె? ఆయన పుట్టిన మే 24ను విమాన మెకానిక్‌ల దినంగ జరుపుకుంటున్నరు.

అంత దూరమెందుకు, మన ఐటీఐలల్ల చూడండ్రి. ఒక ట్రేడుకు ఇద్దరు ఇన్‌స్ట్రక్టర్లు ఉంటే ఒకరు డిగ్రీ లేదా డిప్లొమా చదివినోళ్లు, ఇంకొకరు అదే ట్రేడు ఐటీఐల గాని అప్రెంటిస్‌గ గాని నేర్చుకొని పాసయినోళ్లు ఉండాలని జాతీయ పాఠ్య ప్రణాళికల్లనే రాసిన్రు. ఇద్దరికీ నేర్పే పద్ధతి మీద సర్టిఫికెట్ ఉండాలె. అసొంటి శిక్షణ ఇచ్చే కేంద్ర సంస్థ హైదరాబాదు విద్యానగర్లనే ఉంది. ఈ నియమం రాసినోనికి దండం పెట్టాలె. పుస్తకం చదివినోడు, పని చేసినోడు ఇద్దరూ ఒకే బల్ల దగ్గర నిలబడాలని అందుల ఉంది.

చేతి పని చాలు, పుస్తకం వద్దు అని నేను అనడం లేదు. అసొంటి మాటలతోటి మనకు నష్టం. 1990 జూన్ 10న ఇంగ్లండుల బర్మింగ్‌హామ్ నుంచి బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం ముందు అద్దం గాలిలనే ఊడిపోయింది. కెప్టెన్ సగం బయటికి లాక్కుపోబడ్డడు. సిబ్బంది కాళ్లు పట్టుకొని ఆపిన్రు కాబట్టి బతికిండు. అంతకు ముందే ఆ అద్దం కొత్తగ బిగించిన్రు. 90 బోల్టుల్ల 84 బోల్టులు ఉండాల్సినదానికన్న 0.026 అంగుళం సన్నం. అనుభవమున్న మనిషే పాత బోల్టు పక్కన పెట్టి, కంటితోటి చూసి, సరిపోతదని తెచ్చిండు. పార్టుల పుస్తకం తెరిచి నంబరు చూడలే. ఈ కథ నేను ప్రతి ఏడూ క్లాసుల చెప్పేటోణ్ణి. మా నాయిన కంటి కొలతకు మోట బొక్కెన నిలిచింది. విమానం అద్దం నిలవాలంటే చేయి గావాలె, అక్షరం గావాలె. మనకు తరతరాలుగ చేయి మిగిల్చి అక్షరం గుంజుకున్నరు. వాళ్లు అక్షరం దాచుకొని చేతిని చీదరించుకున్నరు. రెండూ కలిసినోడే ఈ పని నేర్పడానికి అసలు అర్హుడు.

ఇగ నా అనుభవానికొస్త. లైసెన్సు రాకముందే, 2002లో, నగరంల ఒక ప్రైవేటు బడి మనుషులు గావాలని పేపర్ల వేస్తే పోయిన. ఆ బడి పేరు చెప్పను. పేరు చెప్తే తక్కినవన్నీ మంచివనుకుంటరు. యజమాని నా డిశ్చార్జి పుస్తకం మొత్తం తిరగేసిండు. ఇంజిన్ల మీద నాలుగు ప్రశ్నలడిగిండు. అన్నీ చెప్పిన.

“బాగా తెలుసండీ మీకు,” అన్నడు. కొంచెం ఆగి, “ఇంతకూ మీరేమిట్లు?” అన్నడు.

“మాదిగలం సార్.”

“ఓహో. మీకు రిజర్వేషన్ల గవర్నమెంటు ఉద్యోగమే దొరుకుతది గదా, ఈ చిన్న జీతానికి ఎందుకొచ్చిన్రు?”

“పని వచ్చు కాబట్టి వచ్చిన సార్,” అన్న.

ల్యాబ్ అసిస్టెంటు అని రాసి తీసుకున్నరు. బడి మాన్యువల్ల ఇన్‌స్ట్రక్టర్‌కు లైసెన్సు గాని ఇంజినీరింగు డిగ్రీ గాని ఉండాలని ఉంది. నాకు అప్పటికి లైసెన్సు లేదు. కాగితం ప్రకారం అది న్యాయమే. పొద్దటి పూట అక్కడ, మధ్యాహ్నం నుంచి హ్యాంగర్ల పని. కాని వర్క్‌షాపుల జరిగింది వేరు. ఇన్‌స్ట్రక్టర్ అని పేరున్నాయన అప్పుడే డిగ్రీ అయిపోయి వచ్చిండు. మంచి పిలగాడే, లెక్కలు బాగ చెప్పేటోడు. కాని లాకింగ్ వైరు మెలి పెట్టుడు ఆయన ఎన్నడూ చెయ్యలే. వైరు ఎప్పుడూ నట్టును బిగించే దిక్కుకే గుంజాలె, వదులయ్యే దిక్కుకు కాదు. మెలి మరీ వదులుంటే ఊగి తెగుతది, మరీ బిగిస్తే అక్కడనే విరుగుతది. టార్క్ రెంచీ ఎట్ల పట్టాలె, టిక్కుమన్నంక ఎందుకు ఆపాలె, పని అయినంక పనిముట్లు ఎందుకు లెక్కపెట్టాలె, ఒక్క స్క్రూడ్రైవర్ తక్కువ పడితే విమానం ఎందుకు ఆపాలె అనేవన్నీ నేనే చూపించేటోణ్ణి. సాయంత్రం పిల్లల లాగ్‌బుక్కులల్ల ‘ఇన్‌స్ట్రక్టర్ సంతకం’ అన్న గడిల ఆయన సంతకం. ఆయనను సార్ అనేటోళ్లు. నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు, అట్లనే పిలవాలని వాళ్లకు చెప్పిన్రు.

నేను యజమాని దగ్గరికి పోయి అన్న: “సార్, నేను ఇన్‌స్ట్రక్టర్‌ను కాకపోతే నాతోటి నేర్పియ్యొద్దు. నేర్పిస్తే నా పేరు రాయాలె. చూడని పని మీద సంతకం విమానాల కాడ నేరం. మనం పిల్లలకు మొదటి రోజే ఆ నేరం నేర్పుతున్నం.” ఆయన నవ్వి, “లైసెన్సు తెచ్చుకోండి, చూద్దాం” అన్నడు.

2006లో లైసెన్సు తెచ్చుకొని బల్ల మీద పెట్టిన. అప్పుడు మాట మారింది. “మీ సబ్జెక్టుకు వంక లేదు. ఇంగ్లీషు ఫ్లూయెన్సీ కొంచెం... పేరెంట్స్ ప్రొఫైల్ చూస్తరు... పర్సనాలిటీ...” అన్నడు. మాన్యువల్ తెరిచి, పర్సనాలిటీ అనేది ఏ పేరాల ఉందో చూపమన్న. చూపలే. రాతపూర్వకంగ అడిగిన. జవాబు రాలే.

ఇంగ్లీషు సంగతి గూడ చెప్త. విమానాల మాన్యువళ్లు ఇంగ్లీషులనే ఉంటయి. కాని అవి చదివేటోళ్లల్ల చానా మందికి ఇంగ్లీషు తల్లిభాష కాదని ఆ పరిశ్రమకే తెలుసు. అందుకే యూరప్ విమాన పరిశ్రమ 1986లో ‘సింప్లిఫైడ్ ఇంగ్లిష్’ అని ఒక పద్ధతి తెచ్చింది. లెక్కపెట్టిన మాటలు, ఒక మాటకు ఒకే అర్థం, పొట్టి వాక్యాలు. మెకానిక్‌కు తికమక కావద్దని మాన్యువల్ భాషనే తగ్గించిన్రు. మా దగ్గర బడి నడిపేటోళ్లు మాత్రం పాఠం చెప్పేటోనికి కాన్వెంటు యాస లేదని పక్కన పెట్టిన్రు. వాళ్లు అడిగింది ఇంగ్లీషు కాదు. ఇంగ్లీషు అనే పేరుతోటి అడిగింది ఇంకొకటి.

రాసిన అర్హతను సంపాదించొచ్చు. తిండి తగ్గించుకొని, నిద్ర చెడగొట్టుకొని, నలభై నాలుగేండ్లకైనా సంపాదించొచ్చు. రాయని అర్హతను ఎట్ల సంపాదిస్తం? అది పుట్టుకతోటి రావాలె. అందుకే అర్హతలు కఠినంగ ఉన్నయని మనం ఏడ్వొద్దు. అర్హతలు పూర్తిగ రాయండ్రి, రాసిందే అడగండ్రి, రాయనిది అడగొద్దని కొట్లాడాలె.

ఆ బడి విడిచిన. 2007లో ఇంకొక బడిల చేరిన. అక్కడి పెద్ద ఇన్‌స్ట్రక్టర్ గూడ హ్యాంగర్ల పని చేసి వచ్చినోడే. నా కులం అడగలే. ఒక పాత పిస్టన్ ఇంజిన్ చూపించి, “దీని మాగ్నెటో టైమింగ్ పెట్టు” అన్నడు. పెట్టిన. “సోమవారం నుంచి రా సార్” అన్నడు. నేర్పేటోళ్ల పట్టికల నా పేరు ఎక్కింది. ఊరికి పోయి చెప్తే మా అమ్మ, “గాలిమోటరు పంతులువైతివా?” అని నవ్వింది. నాయిన అప్పటికే లేడు.

అక్కడ 2022 దాకా చెప్పిన. ఎన్ని బ్యాచులు పోయినయో. శంషాబాద్ హ్యాంగర్లల్ల, గల్ఫుల నా శిష్యులున్నరు. కాని వాళ్లల్ల మనోళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫీజు లక్షల్ల ఉంటది. కోర్సు అయినంక గూడ లైసెన్సు కోసం విమానాల మీద రెండేండ్ల దాకా అనుభవం చూపాలె. ఆ అనుభవం ఇచ్చే హ్యాంగర్ల చేరాలంటే ఎవరో ఒకరు తెలిసినోళ్లుండాలె. ప్రైవేటు బడిల రిజర్వేషన్ లేదు. పాలమూరు దిక్కు నుంచి వచ్చిన ఒక మాల పిలగాడు రెండో ఏడు సగంల మానేసిండు. చేయి మంచిది, వైరు మెలి పెడితే మిషన్ పెట్టినట్టుండేది. “సార్, అప్పు ఇంకా పుడ్తలేదు” అన్నడు. లైసెన్సే రానప్పుడు వాడు రేపు ఇన్‌స్ట్రక్టర్ ఎట్లయితడు? ఇన్‌స్ట్రక్టర్ల పట్టికల మనోళ్లు ఎందుకు లేరని అడిగెటోళ్లు, ఫీజు కట్టలేక దిగిపోయిన పిల్లల పట్టిక తెచ్చుకోవాలె.

బాబాసాహెబ్ ఈ సంగతి ఎప్పుడో పట్టుకున్నడు. 1942లో వైస్రాయ్ లిన్‌లిత్‌గోకు ఇచ్చిన వినతి పత్రంల, మన పిల్లలకు సైన్సు, సాంకేతిక చదువుల కోసం స్కాలర్‌షిప్పులు గావాలని, సర్కారు ప్రెస్సుల్ల, రైల్వే వర్క్‌షాపుల్ల అప్రెంటిస్‌లుగ తీసుకోవాలని అడిగిండు. లా డిగ్రీ, ఆర్ట్స్ డిగ్రీ ఒక్కటే చాలదని ఆయనకు తెలుసు. మనం ఆయన చేతిల పుస్తకాన్ని చూసినం, మంచిదే. ఆయన వర్క్‌షాపు తలుపు గూడ తట్టిండని మరిచిపోతున్నం.

1941లో అమెరికాల ఇల్లినాయి రాష్ట్రంల చనూట్ ఫీల్డ్ అనే కాడ నల్లజాతి యువకులకు విమానాల మరమ్మతు నేర్పిన్రు. వీళ్లకు ఈ పని వస్తదా అని అనుమానించిన దేశం అది. తర్వాత 99వ స్క్వాడ్రన్ విమానాలను యుద్ధంల నడిపించినోళ్లల్ల వాళ్లున్నరు. పైలట్ల కథ లోకానికి తెలిసింది. కింద నిలబడి ఇంజిన్ విన్నోళ్ల కథ తక్కువ మందికి తెలుసు. అక్కడైనా ఇక్కడైనా అంతే.

సంఘాల్ల పని చేసే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నేను చెప్పేది ఇది. యూనివర్సిటీ కొలువుల రోస్టర్ గురించి కొట్లాడుతున్నరు, కొట్లాడాలె. సర్కారు ఐటీఐలల్ల, పాలిటెక్నిక్‌లల్ల వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ ఖాళీలను గూడ లెక్క తీయండ్రి. ప్రైవేటు సాంకేతిక బడులల్ల రిజర్వేషన్, ఫీజు అడగండ్రి. సైన్యం నుంచి వచ్చిన మన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు ఊర్లల్ల ఏటీఎంల ముందు కాపలా కూచుంటున్నరు. వాళ్ల అనుభవం లెక్క కట్టించి, నేర్పే సర్టిఫికెట్ ఇప్పించి, బడులల్ల నిలబెట్టాలె.

సాంకేతిక బడుల్ల చదువుతున్న పిల్లలకు ఇంకొక మాట. మీకు విమానం పని నేర్పేటోళ్ల పేర్లు బడి ఎక్స్‌పొజిషన్ల ఉన్నయా లేవా అడగండ్రి. మీ లాగ్‌బుక్కుల సంతకం పెట్టేటాయన మీ పక్కన నిలబడి ఆ పని చూసిండా లేదా చూసుకోండ్రి. రెంచీ పట్టుడు నేర్పినోడు ఏ వాడ నుంచి వచ్చినా, ఆయనను సార్ అనండ్రి. లైసెన్సు వచ్చినంక మీరు గూడ ఒక నాలుగేండ్లు హ్యాంగర్ల పని చేసి, మళ్ల బడికి రాండ్రి. నేర్పే కుర్చీ ఖాళీగుంటే అందుల ఎవరో ఒకరు కూచుంటరు. మనమే కూచోవాలె.